యాకూబ్ అని పేరు పెట్టే ముందు: అర్థం, మూలం, రాత, రిజిస్ట్రేషన్

వరంగల్, మహబూబాబాద్, జనగామ వైపు ఏ బడి హాజరు పట్టీ తీసినా యాకూబ్ అనే పేరు తగులుతుంది. అదే పట్టీలో యాకయ్య, యాకమ్మ, యాకలక్ష్మి కూడా ఉంటారు. చర్చికి వెళ్లే ఇళ్లలో ఆ పేరే యాకోబు. అందరికీ మూలం ఒక్కరే: ఇబ్రాహీం మనవడు, ఇస్‌హాఖ్ కొడుకు, యూసుఫ్ తండ్రి. ముస్లింలకు ఆయన ప్రవక్త. పేరు తలిస్తే వెంట 'అలైహిస్సలాం' (ఆయన మీద శాంతి కలుగుగాక) అంటారు.

బిడ్డకు ఈ పేరు అనుకున్నవాళ్లు ముందుగా రెండు పనులు చూసుకోవాలి. అర్థం సరైన చోట వెతకాలి. రాతను మొదటి కాగితం నుంచే ఒకేలా నిలపాలి. అర్థంలో పొరపాటు ఎవరో ఒకరు చెబితే సర్దుకుంటుంది. రాతలో పొరపాటు మాత్రం పదో తరగతి మెమో దగ్గరో, పాస్‌పోర్టు దగ్గరో బయటపడి నెలల తరబడి తిప్పుతుంది.

అర్థం ఎక్కడ వెతకాలి

పేర్ల జాబితాల్లో యాకూబ్ పక్కన మామూలుగా మూడు మాటలు కనిపిస్తాయి: 'మడమ పట్టుకున్నవాడు', 'మోసగాడు', 'ఒక ప్రవక్త పేరు'. మూడోది అర్థం కాదు, పరిచయం. మొదటి రెండూ బైబిలు నుంచి వచ్చినవి. ఆదికాండం 25వ అధ్యాయంలో కవలల్లో రెండోవాడు తన అన్న ఏశావు మడమ పట్టుకుని పుడతాడు. హీబ్రూలో మడమను 'అకేబ్' అంటారు కాబట్టి పేరును దానితో కలిపారు. 27వ అధ్యాయంలో తండ్రి దీవెన పోగొట్టుకున్న ఏశావు తమ్ముడి పేరు మీదే నింద వేస్తాడు. 'మోసగాడు' అక్కడ పుట్టింది. కోపంలో ఏశావు అన్న మాటను తెచ్చి పేరుకు అర్థంగా అంటించడం న్యాయం కాదు. ఖురాన్‌లో అయితే మడమ కథా లేదు, ఆ నిందా లేదు. అందుకే ముస్లిం ఇంట్లో పేరు పెట్టేటప్పుడు ఎవరైనా ఫోన్‌లో చూసి 'మోసగాడు అని ఉందే' అంటే బెదరాల్సిన పని లేదు.

అరబ్బీలో ఈ పేరు అక్షరాలు ఐదు: యా, ఐన్, ఖాఫ్, వావ్, బా. ఇందులో ఐన్-ఖాఫ్-బా అనే మూడక్షరాల ధాతువుకు 'వెనక రావడం, వెంట రావడం' అని అర్థం. ఉర్దూ వచ్చినవాళ్లకు ఈ ధాతువు పరాయిది కాదు. ఆఖిబత్ అంటే చివరికి వచ్చే ఫలితం, తఆఖుబ్ అంటే వెంటాడటం. ఖురాన్‌లో హూద్ అనే సూరా (అధ్యాయం) 71వ ఆయత్ (వచనం)లో ఇబ్రాహీం భార్యకు ముందు ఇస్‌హాఖ్, ఇస్‌హాఖ్ తర్వాత యాకూబ్ అనే శుభవార్త అందుతుంది. ముసలితనంలో కొడుకు పుడతాడన్న కబురుతో పాటే మనవడి కబురూ వచ్చిందన్నమాట. 'తర్వాత వచ్చేవాడు' అనే అర్థం ఈ ఆయత్ పక్కన చక్కగా అమరుతుంది. ఎవరైనా అడిగితే చెప్పడానికి, అఖీఖా (బిడ్డ పుట్టిన సందర్భంగా చేసే వేడుక) కార్డు మీద వేయించడానికి మేం సూచించేది ఇదే.

అయితే ఒక జాగ్రత్త. యాకూబ్‌ను కరీం, నాసిర్, మహమూద్ లాగా ధాతువులోంచి అల్లిన అచ్చ అరబ్బీ మాటగా చెప్పకూడదు. అరబ్బీ వ్యాకరణం దీన్ని బయటి భాష నుంచి వచ్చిన పేరుగానే లెక్కిస్తుంది. అందుకే దీనికి చివర తన్వీన్ (మాట చివర చేరే 'న్' శబ్దం) రాదు. ఇబ్రాహీం, ఇస్మాయీల్, ఇస్‌హాఖ్, యూసుఫ్ పేర్లదీ ఇదే తీరు. ప్రాచీన సెమిటిక్ భాషలను చదివిన పండితులు దీన్ని ఇంకొక రకంగా విడదీస్తారు. 'యాకూబ్-ఎల్' అనే నిండు పేరు కురచై యాకూబ్ అయిందనీ, దాని అర్థం 'దేవుడు కాపాడుగాక' అనీ వాళ్ల మాట. క్రీస్తు పూర్వం 2వ సహస్రాబ్దిలో ఈజిప్టును ఏలిన ఒక రాజు ముద్రల మీద 'యాకూబ్-హర్' అనే పేరు దొరికింది కాబట్టి ఈ తరహా పేర్లు అప్పటికే వాడుకలో ఉన్నాయని తెలుస్తోంది. అరబ్బీ నిఘంటువు తిరగేస్తే 'యఅఖూబ్' దగ్గర 'మగ కౌజు' లాంటి పక్షి అర్థం కూడా ఉంటుంది. పలుకు ఒకటే అయినా ఆ మాట వేరు. ప్రవక్త పేరుకు దానితో సంబంధం లేదు. యాకూత్ అనే రత్నం పేరును కూడా కొన్ని జాబితాలు ఇక్కడ కలిపేస్తుంటాయి. అది చివర 'తా' ఉన్న వేరే మాట.

పేరుకు నిజమైన బరువు నిఘంటువు కంటే కథ వల్ల వస్తుంది. ఖురాన్‌లో 12వది యూసుఫ్ సూరా, 111 ఆయత్‌లు. కొడుకులు తమ్ముణ్ని బావిలో వేసి, చొక్కాకు దొంగ నెత్తురు పూసి తెస్తే తండ్రి యాకూబ్ నోట వచ్చే మాట 'సబ్రున్ జమీల్', అందమైన ఓర్పు. 18వ ఆయత్‌లో ఒకసారి, ఇంకో కొడుకూ దూరమైనప్పుడు 83వ ఆయత్‌లో మరోసారి అదే మాట అంటాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిపోతాయి (84). నా దుఃఖం అల్లాహ్‌కే మొరపెట్టుకుంటానంటాడు (86). అంతలోనే కొడుకులతో, వెళ్లి వెతకండి, ఆయన దయ మీద ఆశ వదలకండి అంటాడు (87). చివరికి యూసుఫ్ చొక్కా ముఖం మీద వేయగానే చూపు తిరిగొస్తుంది (96). ఫార్సీ, ఉర్దూ కవులు ఓర్పుకు అయ్యూబ్‌నూ, కన్నీటికి యాకూబ్‌నూ తలుచుకుంటారు: సబ్ర్-ఎ-అయ్యూబ్, గిర్యా-ఎ-యాఖూబ్. ఏడుపు ఉన్న పేరు పసిబిడ్డకెందుకని కొందరు వెనకాడతారు. ఆ సూరా చివరిదాకా చదివితే ఆ సంకోచం పోతుంది. అందులో తండ్రి ఆశ వదలడు, బిడ్డ తిరిగి దొరుకుతాడు.

చరిత్రలో ఈ పేరు మోసినవారిలో ఇద్దరిని తెలుసుకుని ఉంచుకుంటే మంచిది. హనఫీ ధర్మశాస్త్ర మార్గానికి మూలపురుషుడైన అబూ హనీఫా శిష్యుల్లో మొదటివారిగా చెప్పుకునే ఇమాం అబూ యూసుఫ్ అసలు పేరు యాకూబ్. ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో బగ్దాద్ ప్రధాన న్యాయాధికారిగా ఉండి 798లో పోయారు. మన దగ్గర ముస్లింలలో ఎక్కువమంది పాటించేది ఆ హనఫీ మార్గమే. రెండో ఆయన 9వ శతాబ్దపు తత్వవేత్త అల్-కిందీ, ఆయనా యాకూబే. ఆయన తండ్రి పేరు ఇస్‌హాఖ్. ఇద్దరికీ 'అబూ యూసుఫ్', అంటే యూసుఫ్ తండ్రి, అనే గౌరవనామం ఉంది. యాకూబ్ అని పేరున్నవాడిని అలా పిలవడం పాత అరబ్బీ వాడుక. ఇంట్లో ఇప్పటికే ఇస్‌హాఖ్ ఉంటే కొడుక్కి యాకూబ్, యాకూబ్ ఉంటే కొడుక్కి యూసుఫ్ అని పెట్టే వరస ఇప్పటికీ కొన్ని కుటుంబాల్లో నడుస్తోంది.

మన ప్రాంతంలో ఇంతగా ఎందుకు పాకింది

దీనికి జవాబు వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం అన్నారం షరీఫ్‌లో ఉంది. అక్కడి హజ్రత్ యాకూబ్ షావలీ దర్గాకు ముస్లింలతో పాటు హిందువులూ పెద్ద ఎత్తున వస్తారు. పిల్లలు లేనివాళ్లు మొక్కుకుంటారు, పుట్టాక కందూరు (మొక్కు విందు) చేస్తారు, బిడ్డకు బాబా పేరు పెడతారు. యాకయ్య, యాకమ్మ అలా వచ్చిన పేర్లే. జాన్‌పహాడ్ దర్గా వల్ల నల్లగొండ, సూర్యాపేట వైపు సైదులు, సైదమ్మ ఎలా నిలిచాయో ఇదీ అంతే. 'షావలీ' పేరులో భాగం కాదు, బిరుదు. షా అంటే రాజు, వలీ అంటే దైవానికి దగ్గరివాడు. కాబట్టి బిడ్డకు యాకూబ్ అని పెట్టేవాళ్లలో కొందరు ప్రవక్తను, కొందరు అన్నారం బాబాను, చాలామంది ఇద్దరినీ తలుచుకుంటారు. దర్గా మొక్కుల విషయంలో ముస్లింలలోనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి. పేరు మాత్రం ప్రవక్తది, దాని మీద ఎవరికీ పేచీ ఉండదు.

ముందూ వెనకా ఏం చేర్చవచ్చు

మహమ్మద్ యాకూబ్, షేక్ యాకూబ్, యాకూబ్ అలీ, యాకూబ్ పాషా, యాకూబ్ ఖాన్ అన్నీ కుదురుతాయి. షేక్, సయ్యద్, మీర్జా, ఖాన్ కుటుంబం నుంచి వచ్చేవి కాబట్టి తండ్రికి ఉన్నదే బిడ్డకూ ఉండాలి, బాగుందని కొత్తగా తగిలించుకునేవి కావు. ముఖ్యంగా సయ్యద్ అంటే ప్రవక్త వంశం అని చెప్పుకోవడమే. పాషా తుర్కీ బిరుదు. దానికి వంశంతో పని లేదు, తెలంగాణలో ముద్దుగా చేర్చే మాటగా స్థిరపడింది.

కుదరనిది 'అబ్దుల్ యాకూబ్'. అబ్ద్ అంటే దాసుడు. దాని తర్వాత అల్లాహ్ పేరో, ఆయన గుణనామాల్లో ఒకటో మాత్రమే రావాలి: అబ్దుల్లా, అబ్దుల్ కరీం, అబ్దుల్ ఖాదర్, అబ్దుర్రహ్మాన్. యాకూబ్ ప్రవక్త, మనిషి. ఆయనకు దాసుడని పేరు పెడితే ఇస్లాం మూల సూత్రానికే అడ్డం వస్తుంది. అయినా 'అబ్దుల్' అనేది ఇంటిపేరు అనుకుని రిజిస్టర్లలో ఇలా రాసేస్తుంటారు. తండ్రి పేరు అబ్దుల్ కరీం అయితే 'అబ్దుల్'ను విడగొట్టి కొడుక్కి తగిలించడం వల్ల వచ్చే చిక్కు ఇది. 'యాకూబుద్దీన్' కూడా అర్థం కూడని జత. నూరుద్దీన్ అంటే ధర్మానికి వెలుగు. ధర్మానికి యాకూబ్ అంటే ఏమిటి?

ఆడపిల్లకు అరబ్బీలో యాకూబ్ స్త్రీ రూపం వాడుకలో లేదు. మన దగ్గర యాకూబ్ బీ, యాకూబీ అని పెడతారు. బాబా పేరు నిలవాలంటే అది మంచిదే. ప్రవక్త ఇంటివారి పేరు చాలనుకుంటే నాయనమ్మ సారా పేరు ఉండనే ఉంది.

ఎప్పుడు పెట్టాలి

పుట్టగానే కుడి చెవిలో అజాన్, ఎడమ చెవిలో ఇఖామత్ చెబుతారు. పేరు ఆ రోజే పెట్టవచ్చు, ఏడో రోజు అఖీఖాతో కలిపి పెట్టడం వాడుక. ఏడో రోజు లెక్కలోనే చాలామంది తడబడతారు. పుట్టిన రోజును కూడా కలిపి లెక్కించాలి. శుక్రవారం పుడితే గురువారం, సోమవారం పుడితే ఆదివారం. ఇస్లామీ రోజు మగ్రిబ్‌తో, అంటే పొద్దు గుంకడంతో, మొదలవుతుంది కాబట్టి గురువారం పొద్దు గుంకాక పుట్టిన బిడ్డ శుక్రవారం పుట్టినట్టే. ఆ రోజు కుదరకపోతే 14వ రోజు, 21వ రోజు. మగబిడ్డకు రెండు, ఆడబిడ్డకు ఒకటి చొప్పున మేకనో గొర్రెనో జిబహ్ చేస్తారు. మేకకు ఏడాది నిండాలి. మగబిడ్డకు రెండు తెచ్చే స్తోమత లేకపోతే ఒకటి చాలు. తల వెంట్రుకలు తీసి, వాటి ఎత్తు వెండి విలువను పేదలకిస్తారు. వెంట్రుకల బరువు చాలా తక్కువ కాబట్టి వంటింటి త్రాసులో తేలదు, వెండి బంగారం దుకాణంలో తూయించుకోవాలి.

అబ్జద్ లెక్క (అరబ్బీ అక్షరాలకు అంకెల విలువ కట్టడం) చూసే ఇళ్లలో యాకూబ్ విలువ 188: యా 10, ఐన్ 70, ఖాఫ్ 100, వావ్ 6, బా 2. ఇది పాత ముచ్చటే తప్ప మతం పెట్టిన నియమం కాదు. అంకె కుదరలేదని నచ్చిన పేరు వదులుకోవద్దు.

రాత: ఇక్కడే ఎక్కువ శ్రద్ధ కావాలి

ముందు ఒక తెల్లకాగితం మీద పేరును ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లిష్‌లో రాయండి. ఉర్దూ రాత మసీదులో నమాజు చేయించే పేష్ ఇమాం సాబ్‌తో రాయించుకుంటే మేలు. యా తర్వాత ఐన్ తప్పనిసరిగా ఉండాలి. కొందరు తొందరలో అలిఫ్ పెడతారు, అది తప్పు. 'క' శబ్దానికి ఖాఫ్ రాయాలి, కాఫ్ కాదు.

తెలుగులో యాకూబ్, యాకుబ్, యాఖూబ్, యాకూబు అని నాలుగు రాతలు తిరుగుతున్నాయి. మూలంలో వావ్ దీర్ఘం కాబట్టి 'కూ' దీర్ఘం పోగొట్టకూడదు. ఐన్ శబ్దం తెలుగులో లేదు, దాని చోటును 'యా' దీర్ఘం నింపుతుంది. దక్కనీ మాట్లాడేవాళ్లు ఖాఫ్‌ను 'ఖ'గా పలుకుతారు, అందుకే ఇంట్లో యాఖూబ్, ఖాసిం, ఖాదర్ అని వినిపిస్తుంది. వినడానికి అదే బాగున్నా కాగితాల మీద 'యాకూబ్' అని స్థిరపరచుకోమంటాం. ఈ జిల్లాల్లో గుమస్తాల చేతికి అలవాటైన రాత అది, తప్పు పడే అవకాశం తక్కువ.

ఇంగ్లిష్‌లో నడిమి అక్షరం 'కే'నా, 'క్యూ'నా అన్నది అసలు ప్రశ్న. వై-ఏ-కే-యూ-బీ, వై-ఏ-కే-ఓ-ఓ-బీ, వై-ఏ-క్యూ-యూ-బీ, వై-ఏ-క్యూ-ఓ-ఓ-బీ అన్నీ చెల్లుతాయి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలైతే 'క్యూ' ఎంచుకోవడం మంచిది. అక్కడి కాగితాల్లో పేరును ఇంగ్లిష్ చూసి అరబ్బీలోకి ఎక్కిస్తారు. 'కే' చూస్తే కాఫ్ రాసే అవకాశం ఎక్కువ, 'క్యూ' చూస్తే ఖాఫ్ అని ఇట్టే తెలుస్తుంది. ఏది ఎంచుకున్నా రెండు రాతలు కలపవద్దు.

'మహమ్మద్'ను 'ఎండీ' అని కురచ చేయడం మన దగ్గర పెద్ద అలవాటు. జనన ధ్రువపత్రంలో ఎండీ అని ఉంటే బడిలో ఒకరు మహమ్మద్, ఒకరు మహ్మద్, ఇంకొకరు మొహమ్మద్ అని విప్పుతారు. ఇంగ్లిష్‌లో 'మొహ్‌డ్' అనే కుదింపు కూడా తోడవుతుంది. ఇన్ని రాతలున్న మనిషి ఒక్కడేనని తర్వాత రుజువు చేసుకోవాల్సి వస్తుంది. మొదటి కాగితంలోనే పూర్తిగా రాయించండి. షేక్‌ను 'ఎస్‌కే' చేయడం కూడా ఇలాంటిదే. ఇంకొకటి, ఒట్టి 'యాకూబ్' అని ఒక్క మాటతో వదలొద్దు. పాస్‌పోర్టులో ఒకే మాట ఉన్నవాళ్లకు సందర్శక వీసా మీద ప్రవేశం లేదని యూఏఈ 2022 నవంబరులో నియమం తెచ్చింది. ఇంటిపేరు గడి, పేరు గడి రెండూ నిండాలి.

రిజిస్ట్రేషన్

పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుడితే సమాచారం ఆసుపత్రే పంపుతుంది, ఇంట్లో పుడితే కుటుంబ పెద్ద చెప్పాలి. ఊళ్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర, నగరంలో మున్సిపల్ కార్పొరేషన్‌లో. 30 రోజులలోపు అయితే ఆలస్య రుసుముతో సరిపోతుంది. అది దాటితే అనుమతి, స్వయంగా ధ్రువీకరించిన పత్రం తప్పవు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి.

చాలామందికి తెలియని సౌకర్యం ఒకటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది. పేరు లేకుండా పుట్టుక నమోదు చేయించి, పేరును 12 నెలలలోపు రుసుము లేకుండా, 15 ఏళ్లలోపు రుసుముతో చేర్పించవచ్చు. కాబట్టి ప్రసూతి వార్డులో ఫారం పట్టుకొచ్చినప్పుడు తొందరపడి నోటికొచ్చిన రాత చెప్పనక్కరలేదు. అఖీఖా అయ్యాక, మూడు లిపుల కాగితం చేతిలో పెట్టుకుని నింపించండి. ఒకసారి రాసిన పేరులో అక్షర దోషాన్ని రిజిస్ట్రార్ ఆధారాలు చూసి సరిచేయవచ్చు. పేరునే మార్చాలంటే మాత్రం అది వేరే పెద్ద పని.

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడి, ఓటు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర పుట్టిన తేదీకీ స్థలానికీ జనన ధ్రువపత్రమే రుజువు. అందుకే అందులోని ప్రతి అక్షరం వేలితో చూపిస్తూ చదవండి: బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు. తల్లిదండ్రుల పేర్లు వాళ్ల ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. బిడ్డకు ఆధార్ తీసుకునేటప్పుడు తెలుగు వరుసను మరీ జాగ్రత్తగా చూడాలి. యంత్రం ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చేటప్పుడు యాకూబ్ కాస్తా 'యకుబ్' కావచ్చు. తెర మీద ఉండగానే చెబితే అక్కడికక్కడే దిద్దుతారు.

మొక్కు పేరు పెట్టే హిందూ కుటుంబాలకు

యాకయ్య, యాకమ్మ, యాకూబ్ రెడ్డి లాంటి పేర్లకు పైన చెప్పిన 'క్యూ' అక్కరలేదు, 'కే' చాలు. అవి ఇప్పుడు తెలుగు పేర్లే. నక్షత్రం చూసేవాళ్లకు 'యా' అక్షరం జ్యేష్ఠ రెండో పాదానికి వస్తుంది. మిగతా నక్షత్రాల్లో పుట్టిన బిడ్డకు నామాక్షరంతో జాతక నామం వేరుగా పెట్టి, మొక్కు పేరుతో పిలుచుకోవడం వాడుకే. కాగితాల్లో ఏది ఉండాలో అన్నారం వెళ్లి కందూరు చేసేలోపే ఇంట్లో మాట్లాడుకోండి. రెండూ కావాలంటే ఒకే వరుసలో రెండు మాటలుగా రాయించాలి. 'ఉరఫ్', 'అలియాస్' అని పెట్టించకండి. ఆ మాటను కొన్ని కార్యాలయాలు పేరులో కలుపుతాయి, కొన్ని తీసేస్తాయి, కాగితాలు ఒకదానితో ఒకటి కలవవు. యాకయ్యకు ఇంగ్లిష్‌లో చివర ఏ-ఐ-ఏ-హెచ్ అని రాయడం తెలంగాణలో రివాజు. తాతకు ఆ రాతే ఉంటే మనవడికీ అదే ఉంచండి.